రీమేక్ అనగానే పెదవి విరిచే తెలుగు గేమర్లకి రాయగడ నుంచి ఒక ఉత్తరం

అన్నలకీ, తమ్ముళ్ళకీ, ఈ మధ్య బాగా ఆడుతున్న చెల్లెళ్ళకీ నమస్కారం.

ఏ పాత గేమ్‌కి రీమేక్ ప్రకటించినా మన తెలుగు గేమింగ్ వీడియోల్లో ఒకటే పాట. మళ్ళీ అదే పాత చింతకాయ పచ్చడి, వీళ్ళ దగ్గర కొత్త ఐడియాలు అయిపోయాయి, మన చిన్ననాటి జ్ఞాపకాలు మనకే తిరిగి అమ్ముతున్నారు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో బెంగళూరులోనో కూర్చుని మీరు ఈ మాట అంటుంటే, వింటున్నవాళ్ళలో ఆ పాత గేమ్‌ని జీవితంలో ఒక్కసారి కూడా ముట్టుకోనివాళ్ళు ఎంతమంది ఉన్నారో మీ దృష్టికి వచ్చినట్టు లేదు. అందుకే రాస్తున్నాను.

మాది ఒడిశాలోని రాయగడ. విజయనగరం నుంచి రాయ్‌పూర్ వెళ్ళే రైలు మార్గంలో, పార్వతీపురం దాటాక వచ్చే ఊరు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, బజార్లో రెండూ, బేరం తెగకపోతే హిందీ కూడా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలోదే, కాబట్టి తెలుగు మా దగ్గరికి ఎవరో వలస వచ్చి తెచ్చింది మాత్రమే కాదు. నాకు స్టేషన్ వైపు చిన్న షాపు ఉంది. జెరాక్సులు, ప్రింట్లు, ఆన్‌లైన్ ఫారాలు నింపడం, కంప్యూటర్ రిపేర్లు. వెనక గదిలో గ్రాఫిక్స్ కార్డులున్న రెండు సిస్టమ్‌లు, ఒక ప్లేస్టేషన్ 4 పెట్టాను. సాయంత్రం బళ్ళు వదిలాక పిల్లలు వస్తారు. తెలుగు పిల్లలు అన్నా అంటారు, ఒడియా పిల్లలు భాయినా అంటారు, ఆట మొదలయ్యాక అందరూ ఒకేలా అరుస్తారు.

జ్ఞాపకాలు అమ్ముతున్నారంటున్నారు కదా, అక్కడినుంచే మొదలుపెడతాను. జ్ఞాపకం ఉండాలంటే ముందు ఆ ఆట మన చేతికి వచ్చి ఉండాలి. 1997లో ఫైనల్ ఫాంటసీ 7 వచ్చింది, 1998లో రెసిడెంట్ ఈవిల్ 2, 2001లో సైలెంట్ హిల్ 2, 2005లో షాడో ఆఫ్ ది కొలోసస్. ఇవన్నీ ప్లేస్టేషన్ ఉన్న ఇళ్ళల్లో పుట్టి పెరిగిన ఆటలు. అప్పట్లో మా వీధిలో ప్లేస్టేషన్ ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. మాకున్నది టీవీకి తగిలించే వీడియో గేమ్, దాని మీద 9999999 ఇన్ 1 అని రాసిన క్యాసెట్, తెరిచి చూస్తే లోపల అవే కాంట్రా, మారియో, బాతుల్ని కాల్చే ఆట, మళ్ళీ మళ్ళీ వేరే పేర్లతో. ఆ తర్వాత నెట్ సెంటర్లు వచ్చాయి. రోడ్ రాష్, వైస్ సిటీ, ఐజీఐ, క్రికెట్ 07. ఎవరో విశాఖ నుంచి తెచ్చిన సీడీని పది సిస్టమ్‌లలోకి ఎక్కించేవాళ్ళు, మాకు దొరికిందే అది. పెద్ద ఆటలుగా ప్రపంచం చెప్పుకునేవాటిలో సగానికి పైగా మమ్మల్ని తాకకుండానే పోయాయి. పేర్లు మాత్రం తెలుసు, పత్రికల్లో బొమ్మలు చూశాం.

అంటే మీకు రెండోసారి వచ్చింది మాకు మొదటిసారి వచ్చినట్టు. 2019లో జాంబీల భయపు ఆట రెసిడెంట్ ఈవిల్ 2కి రీమేక్ వచ్చినప్పుడు మా వెనక గదిలో ఎవరికీ అది పాత ఆట కాదు.

మా దగ్గరికి వచ్చే ఒక పిల్లవాడి సంగతి చెప్తాను, తొమ్మిదో తరగతి. ఆ రీమేక్‌లో పోలీస్ స్టేషన్ భాగం ఆడుతున్నాడు, మిస్టర్ ఎక్స్ అనే ఆ భారీ మనిషి వెంటపడే చోటు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నాడు. పైన ఎక్కడో బూట్ల చప్పుడు ధన్ ధన్ మని మొదలవగానే కంట్రోలర్ మీద వేళ్ళు ఆగిపోయాయి. "అన్నా, ఆడొస్తున్నాడు" అన్నాడు గొంతు బాగా తగ్గించి, ఆటలో ఉన్నవాడికి వినపడిపోతుందేమో అన్నంత మెల్లగా. చప్పుడు దగ్గరవుతోందా దూరమవుతోందా అని తల పక్కకి వంచి విన్నాడు. ఎడమవైపుకి పోయిందని తేల్చుకున్నాక తలుపు సగం తోసి, లోపలికి చూసి, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకో దారి పట్టాడు. తుపాకీలో మిగిలిన గుళ్ళు లెక్కపెట్టుకుని, ఇక్కడ కాల్చనా దాచుకోనా అని నన్ను అడిగి, నేను చెప్పేలోపే వాడే దాచుకున్నాడు. ఇంత ఆలోచన చదువులో పెడితేనా అని వాళ్ళ నాన్న అంటాడు గానీ, ఆ ఆలోచన కూడా ఆలోచనే.

ఆట అయిపోయాక వాడు అడిగిన మొదటి మాట: "దీనికి పాతది ఉందంట కదన్నా, అది చూపించవా?"

చూపించాను. ఎందుకు చూపించగలిగానంటే, ఆ ఆట చేసిన కంపెనీ క్యాప్‌కామ్ 2024లో రెసిడెంట్ ఈవిల్ మొదటి మూడు ఆటల పాత వెర్షన్లని, ఇప్పటి పీసీల్లో ఆడేలా సరిచేయించి, ఆన్‌లైన్‌లో ఆటలమ్మే జీఓజీ స్టోర్‌లో మళ్ళీ అమ్మకానికి పెట్టింది. వాడు కూర్చున్నాడు. మొదట అన్నీ చిరాకే. కెమెరా గది మూలలో అతుక్కుని కదలదు. పై బటన్ నొక్కితే ఆటలో మనం నడిపే లియాన్ తన మొహం ఎటు ఉంటే అటు నడుస్తాడు, ఎడమ నొక్కితే ఉన్నచోటే తిరుగుతాడు. మలుపు అవతల జాంబీ ఉందో లేదో కనపడదు, మూలుగు మాత్రం వినపడుతుంది. ప్రతి తలుపుకీ ఆట ఆగి, చీకట్లో ఆ తలుపొక్కటే నెమ్మదిగా తెరుచుకోవడం చూపిస్తుంది. అది ప్లేస్టేషన్ డిస్క్ నుంచి తర్వాతి గదిని చదువుకునే సమయాన్ని కప్పిపుచ్చడానికి పెట్టింది. వాడికి ఆ సంగతి నేను చెప్పలేదు. కాసేపటికి వాడే అన్నాడు, "తలుపు తీసేటప్పుడే భయమేస్తోందన్నా, లోపల ఏముందో తెలీదు కదా" అని. 1998లో ఆ ఆట తయారుచేసినవాళ్ళు ఏం కోరుకున్నారో అది సరిగ్గా ఈ పిల్లవాడికి చేరింది. రీమేక్ లేకపోతే వాడు ఆ తలుపు దాకా వచ్చేవాడే కాదు. బొమ్మలు చూసి ఇదేంటి ఇలా ఉంది అని పక్కకి తోసేసేవాడు.

రీమేక్‌ని కాపీ అనేవాళ్ళు ఒకసారి ఆ రెండు ఆటల్నీ పక్కపక్కన పెట్టి ఆడండి. పాతదాంట్లో మిస్టర్ ఎక్స్ కథని రెండో పాత్రతో ఆడేటప్పుడు, నిర్ణయించిన కొన్ని చోట్ల మాత్రమే కనిపిస్తాడు. కొత్తదాంట్లో స్టేషన్ అంతా తిరుగుతూ నీ చప్పుడు విని వస్తాడు. కెమెరా మూలల్లోంచి భుజం వెనక్కి వచ్చింది. కాబట్టి పాత భయం పనిచేయదు, కొత్త భయం కనిపెట్టాలి. అది చేయడానికి కొత్త ఆట చేసినంత బుర్ర పెట్టాలి, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, ఎందుకంటే పాతదాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళు ప్రతి గదినీ కొలుస్తారు. ఆ రీమేక్ కోటి కాపీలు దాటింది, 1998 ఆటకంటే ఎక్కువ అమ్ముడైంది. పాత అభిమానులే కొంటే ఆ లెక్క రాదు. కొత్తవాళ్ళు వచ్చారు. అందులో మావాళ్ళూ ఉన్నారు.

మాకు జాతరలకి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి నాటకం ట్రూపులు వచ్చేవి. హరిశ్చంద్ర వేస్తే కాటిసీను పద్యాలు ముందు వరసలో కూర్చున్న ముసలివాళ్ళందరికీ నోటికొచ్చు. కథ ఏమవుతుందో కొత్తగా తెలుసుకోవడానికి ఎవరూ రారు. ఈసారి వచ్చిన నటుడు ఆ పద్యాన్ని ఎక్కడ ఎత్తుకుంటాడు, ఎక్కడ ఆపుతాడు, ఏ మాట దగ్గర గొంతు జీరబోతుంది అని చూడ్డానికి వస్తారు, నచ్చితే వన్స్ మోర్ అంటారు. పిల్లలు మాత్రం ఆ రాత్రే మొదటిసారి వింటారు. ఒకే పందిట్లో ఈ ఇద్దరూ కూర్చుంటారు. ఇలాంటి ఊళ్ళల్లో పుట్టినవాళ్ళం, అదే కథని కొత్తగా చెప్తే తప్పుపట్టే అలవాటు మనకి ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఫైనల్ ఫాంటసీ 7నే తీసుకోండి. పాత ఆటలో మిడ్గార్ అనే నగరం కొన్ని గంటల్లో దాటిపోయే మొదటి భాగం. 2020 రీమేక్ ఆ ఒక్క నగరాన్నే పూర్తి ఆట చేసింది. 2024లో రీబర్త్ ఆ తర్వాతి కథ ఎత్తుకుంది. సాగదీశారని కొందరన్నారు, కొన్నిచోట్ల నిజంగానే సాగింది. కానీ పాతదాంట్లో రెండు మాటలు మాట్లాడి పోయే మనుషులకి కొత్తదాంట్లో ఇల్లు, అమ్మ, ఆకలి, కోపం వచ్చాయి. షాడో ఆఫ్ ది కొలోసస్ దీనికి పూర్తిగా వేరే దారి. 2018లో బ్లూపాయింట్ వాళ్ళు కథ గానీ ఆ 16 మంది మహాకాయుల్ని గానీ మార్చలేదు. బొమ్మ మొత్తం మళ్ళీ గీశారు, కంట్రోల్స్ సాఫీ చేశారు. ప్లేస్టేషన్ 2 ఆ ఆటని మోయలేక మోసేది, పెద్ద కొలోసస్ కదిలితే తెర నత్తనడక నడిచేది. ఆ బరువు తీసేశారు. రెండూ రీమేకులే, రెండు పద్ధతులు. అన్నిటినీ ఒకే మాటతో కొట్టిపారేస్తే ఈ తేడా ఎవరు చెప్తారు?

ఇంకో సంగతి, నన్ను బాగా భయపెట్టేది. పాత ఆటలు పోతున్నాయి. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్ళు, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్‌తో కలిసి 2023లో ఒక అధ్యయనం బయటపెట్టారు. ఆ దేశంలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికే దొరకవని తేలింది. అమెరికాలోనే ఇలా ఉంటే మన సంగతి ఊహించుకోండి. కంపెనీల దగ్గర మాత్రం భద్రంగా ఉన్నాయా అంటే అదీ లేదు. 2012లో సైలెంట్ హిల్ 2, 3లకి హెచ్‌డీ వెర్షన్ చేయబోతే, ఆ ఆటల కంపెనీ కొనామీ దగ్గర తుది సోర్స్ కోడే, అంటే ఆటని నడిపించే అసలు ప్రోగ్రామే లేదు. సగంలో ఉన్న కోడ్ ఇచ్చి పనిచేయమన్నారు, వచ్చింది తప్పులతడక. కింగ్‌డమ్ హార్ట్స్ మొదటి ఆటదీ అదే కథ, మూల సామగ్రి పోవడంతో హెచ్‌డీ కోసం చాలావరకు తిరిగి తయారుచేసుకోవాల్సి వచ్చింది. కోట్లు తెచ్చిపెట్టిన ఆటల గతి ఇది. మన ఇళ్ళల్లో పాత దస్తావేజుల్ని చెదలు పట్టనివ్వకుండా ఎవరో ఒకరు చూసుకుంటారు, వీటికి ఆ దిక్కు కూడా లేకపోయింది. రీమేక్ అనుకున్నప్పుడే కంపెనీ తన పాత పెట్టె తెరుస్తుంది, ఏం మిగిలింది ఏం పోయింది అని చూసుకుంటుంది. లాభం కోసమే తెరవనీ, తెరవడం ముఖ్యం.

అదే సైలెంట్ హిల్ 2కి 2024లో బ్లూబర్ టీమ్ అనే స్టూడియో పూర్తి రీమేక్ చేసింది. ట్రైలర్లు వచ్చినప్పుడు ఎంత తిట్టారో గుర్తుందా, వీళ్ళ వల్ల కాదని ముందే తీర్పు చెప్పేశారు. విడుదలయ్యాక ఆ తిట్టినవాళ్ళలో చాలామంది మెచ్చుకున్నారు. నాకు అందులో బాగా నచ్చింది ఆ పొగమంచు. 1999లో మొదటి సైలెంట్ హిల్‌కి పొగమంచు పెట్టింది, ప్లేస్టేషన్ దూరంగా ఉన్న వీధుల్ని గీయలేదు కాబట్టి. లోటుని కప్పడానికి వచ్చింది కాస్తా ఆ ఊరికి ప్రాణమైపోయింది. ఈరోజు యంత్రాలకి ఆ లోటు లేదు, ఊరంతా అంచుదాకా చూపించొచ్చు. అయినా మంచు ఉంచారు, ఇంకా దట్టంగా చేశారు. ఏది యంత్రం చేతగానితనం, ఏది ఆటకి ఊపిరి అని విడదీసి చూడ్డమే రీమేక్ చేసేవాడి పని.

ఆ విడదీత తెలియకపోతే ఏమవుతుందో 2021 నవంబర్‌లో చూశాం. వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ ఉన్న జీటీఏ పాత మూడు ఆటలకి కొత్త రూపం, డెఫినిటివ్ ఎడిషన్. శాన్ ఆండ్రియాస్‌లో దూరాన్ని దాచే ఆ మసక తీసేశారు. అంతే, కొండ మీంచి చూస్తే ఒక రాష్ట్రంలా అనిపించిన మ్యాప్ మొత్తం ఒక చిన్న లంకలా బయటపడింది. వాన పడితే రోడ్డు కనపడదు. దుకాణాల బోర్డుల మీద అక్షరాలు తప్పులు. మనుషుల మొహాలు మైనం ముద్దలు. వైస్ సిటీ మీద మా ఊరికున్న ప్రేమ మీకు చెప్పక్కర్లేదు, ఆ కారు రేడియో పాటలతోనే ఇంగ్లీషు పాటలు వినడం నేర్చుకున్నవాళ్ళున్నారు ఇక్కడ. లైసెన్సు గడువు తీరి వాటిలో కొన్ని పాటలు కూడా పోయాయి. అన్నిటికంటే ఘోరం, కొత్తది వస్తోందని పాత మూడు ఆటల్నీ స్టోర్ల నుంచి తీసేశారు. జనం గట్టిగా అడిగాక ఆ ఆటల కంపెనీ రాక్‌స్టార్ క్షమాపణ చెప్పి పీసీలో పాతవి తిరిగి పెట్టింది. 2024 నవంబర్‌లో వచ్చిన అప్‌డేట్‌తో పాత వెలుగు, పాత ఆకాశం రంగులు వెనక్కి వచ్చాయి. 2020 జనవరిలో వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్‌డ్ ఇంకా అన్యాయం. 2002 ఆటని డబ్బు పెట్టి కొని దాచుకున్నవాళ్ళకి కూడా ఆన్‌లైన్‌లో ఆడాలంటే కొత్త ఆట ప్రోగ్రామ్ దించుకోక తప్పలేదు, చెప్పిన కొత్త సీన్లు రాలేదు, చివరికి డబ్బులు వాపసు ఇచ్చారు.

వీటిని నేను వెనకేసుకురావడం లేదు. మీ కోపం ఇక్కడ పెట్టండి, నేనూ మీతో కలిసి అరుస్తాను. కొత్తది చేసినవాడు పాతదాన్ని అమ్మకం నుంచి తీసేయడం తప్పు, ఎవరు చేసినా తప్పు. రెండూ పక్కపక్కన ఉండాలి. 2024లో టూంబ్ రైడర్ మొదటి మూడు ఆటల రీమాస్టర్, అంటే అదే ఆటకి బొమ్మ మెరుగుపెట్టింది, చూడండి, ఆడుతూ ఆడుతూ ఒక్క బటన్ నొక్కితే పాత బొమ్మ, మళ్ళీ నొక్కితే కొత్త బొమ్మ. మా వెనక గదిలో పిల్లలు అదే పనిగా ఆ బటన్ నొక్కుతూ, "ఇది నీళ్ళా? ఇది గోడా? అప్పట్లో దీన్నే నీళ్ళనుకునేవాళ్ళా?" అని నవ్వుకుంటూ ఒక సాయంత్రం గడిపేశారు. నవ్వుతూనే పాత ఆట మొత్తం చూసేశారు.

కొత్త ఐడియాలు అయిపోయి రీమేకులు చేస్తున్నారనే మాటకి జవాబు కూడా క్యాప్‌కామ్ దగ్గరే ఉంది. 2017లో రెసిడెంట్ ఈవిల్ 7, పూర్తిగా కొత్త కథ, కెమెరా కూడా పాత్ర కళ్ళ స్థానంలోకి వచ్చేసింది. 2019లో 2కి రీమేక్. 2020లో 3కి రీమేక్, ఇది తొందరపడి చేసినట్టుంది, పాతదాంట్లోని క్లాక్ టవర్ భాగాన్నే ఎత్తేశారు. 2021లో విలేజ్, మళ్ళీ కొత్త కథ. 2023లో 4కి రీమేక్. పాతదీ కొత్తదీ ఒక చేత్తోనే నడిచాయి, ఒకటి రెండోదాని నోటి దగ్గర కూడు లాక్కోలేదు.

ధర విషయంలో మాత్రం మీరన్నదే నిజం. 2022లో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1, అదీ 2013 ఆటకి 2014లోనే ఒకసారి రీమాస్టర్ వచ్చాక, మన దగ్గర 4,999 రూపాయలు. మా వైపు ఒక ఇంటి నెల సరుకులు అవి. డిస్కౌంట్ వచ్చేదాకా ఆగక తప్పదు, ఆగుతాం. అయినా ఆ ఆటలో ఒక పని చేశారు, చూపులేనివాళ్ళ కోసం కథాదృశ్యాలకి మాటల్లో వర్ణన పెట్టారు. తెర మీద ఎవరు ఎటు చూశారో, చేతిలో ఏముందో ఒక గొంతు చెప్తుంది. పాత ఆటకి ఆ తలుపు లేదు. సబ్‌టైటిల్స్ సంగతి మా అనుభవం. ఒడియా మీడియంలో చదివే పిల్లలకి వేగంగా మాట్లాడే అమెరికా ఇంగ్లీషు అంతుపట్టదు, కింద అక్షరాలు పెద్దవిగా పెట్టుకునే వీలుంటే కూడబలుక్కుని చదువుతారు. పాత ఆటల్లో చాలావాటికి అక్షరాలు చీమల్లా ఉంటాయి, కొన్నిటికి అసలు ఉండవు.

ఇక మన దేశం సంగతి. ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 2003 నాటి ది శాండ్స్ ఆఫ్ టైమ్, దానికి రీమేక్ 2020 సెప్టెంబర్‌లో ప్రకటించారు. మొదట ఆ పని చేసింది యూబీసాఫ్ట్ కంపెనీ పుణె, ముంబై స్టూడియోలు. ఒక పెద్ద ఆటని ముందుండి నడిపించే పని మన దేశంలోని స్టూడియోలకి రావడం చిన్న విషయం కాదు. ట్రైలర్ చూసి బొమ్మలు బాలేవని ప్రపంచమంతా వెక్కిరించింది, అందులో మన గొంతులు కూడా తక్కువేం వినపడలేదు. 2021 జనవరికి వస్తుందన్నది వాయిదా పడింది, మళ్ళీ పడింది, 2022లో పని కెనడాలోని మాంట్రియల్ స్టూడియోకి తరలిపోయింది. ట్రైలర్ గొప్పగా ఉందని నేననను. కానీ ఒక మంచి ఆటని విప్పి, ప్రతి గోడా ప్రతి దూకుడూ ఎందుకలా ఉందో అర్థం చేసుకుని మళ్ళీ కట్టడంలో నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేం. గుణుపూర్‌లో ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళు నా దగ్గరికి ప్రాజెక్టు ప్రింట్లకి వస్తారు, గేమ్ డిజైన్‌లోకి పోవాలని ఉందంటారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, పాత ఆట ఒకటి తీసుకుని దాన్ని మళ్ళీ కట్టడానికి ప్రయత్నించండి అని. 1998 నాటి హాఫ్ లైఫ్‌ని అభిమానులు బ్లాక్ మెసా పేరుతో అలాగే ఏళ్ళ తరబడి కట్టుకుంటూ పోయారు. 2012లో ఉచితంగా ఇచ్చారు, వాల్వ్ కంపెనీ అమ్ముకోండని ఒప్పుకుంటే 2020కి పూర్తి చేశారు.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కూడా చూడండి. 1999 ఆట, 2019లో డెఫినిటివ్ ఎడిషన్. ఆ కొత్త ఇల్లు కట్టబట్టే 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అని అందులోకి ద్రవిడులు, బెంగాలీలు, గుర్జరులు వచ్చారు. ఉరుమి కత్తులు తిప్పే సైనికులున్నారు, రాజేంద్ర చోళుడి దండయాత్రలున్నాయి. 1999లో ఆ ఆట ఆడేటప్పుడు మేం బ్రిటన్లమో టర్కులమో అయ్యేవాళ్ళం, వేరే దారి లేదు. ఇప్పుడు పిల్లలు ముందుగా వెతికేది ఏనుగులెవరికి ఉన్నాయని. పాత ఆటకి వయసైపోయిందని వదిలేసి ఉంటే ఇది జరిగేదా?

చివరగా మా ఆటల గురించి. మనకి నిజంగా చిన్ననాటి జ్ఞాపకాలున్న ఆటలకి ఎవరూ రీమేక్ చేయలేదు, అదే నా బాధ. క్రికెట్ 07 వచ్చింది 2006 నవంబర్‌లో. దాన్ని తెచ్చిన ఈఏ కంపెనీ ఆ తర్వాత పీసీకి క్రికెట్ ఆట చేయడమే మానేసింది, పాతదాన్ని ఆన్‌లైన్‌లో అమ్మనూ లేదు. ఐపీఎల్ 2008లో మొదలైంది, అయినా ఆ ఆటలో ఐపీఎల్ జట్లున్నాయి, జెర్సీలున్నాయి, ఎందుకంటే అభిమానులు కూర్చుని ఒక్కొక్క ప్యాచ్ చేసుకుంటూ వచ్చారు. ఇంత ఆదరణ ఉన్న ఆటని కంపెనీ ఎందుకు పట్టించుకోదు? రోడ్ రాష్ కూడా ఈఏదే, పీసీలోకి 1996లో వచ్చింది, గొలుసు లాక్కుని పక్క బైకువాణ్ణి కొట్టడం తెలియని కుర్రాడు అప్పట్లో ఏ నెట్ సెంటర్లోనూ లేడు. ఐజీఐ 2000 నాటిది, నార్వేలోని ఇన్నర్‌లూప్ వాళ్ళు చేశారు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలే లేదు, చివర్లో అలారం మోగిందా, మళ్ళీ మొదటినుంచి. ఆ ఒక్కటి సరిచేసి, ఆ మంచు కొండల్లో ఒంటరిగా బైనాక్యులర్ పట్టుకుని పాకే ఆ నిశ్శబ్దాన్ని అలాగే ఉంచితే ఈ రోజుకీ దానికి సాటి ఆట తక్కువ.

అన్నిటికంటే ముందు ముస్తఫా. అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని మాలో ఎవరికీ తెలియదు, పార్లర్లో అందరూ అందులోని ఒక పాత్ర పేరుతో ముస్తఫా అనే అనేవాళ్ళు. 1993లో క్యాప్‌కామ్ చేసిన ఆర్కేడ్ ఆట. ముగ్గురు ఒకేసారి నిలబడి ఆడొచ్చు, మొదటి కాయిన్ వేసినవాడు ముస్తఫానే ఎంచుకుంటాడు, అందుకే గొడవలు. ఆ పాత్రలు వేరే కామిక్‌వి, హక్కులు వేరేవాళ్ళవి. 2018లో క్యాప్‌కామ్ తన పాత తన్నులాట ఆటలు కొన్నిటిని ఒక సంకలనంగా తెచ్చినప్పుడు కూడా ఇది అందులో లేదు. ఇప్పటివరకు ఏ ఇంటి కన్సోల్‌కీ అధికారికంగా రాలేదు. మన దేశంలో ఎన్ని లక్షల కాయిన్లు మింగిందో ఆ మెషిన్, దాన్ని డబ్బిచ్చి కొనుక్కుని ఆడదామంటే దారి లేదు. రెసిడెంట్ ఈవిల్‌ని అంత శ్రద్ధగా మళ్ళీ కట్టిన కంపెనీదే ఈ ఆట కూడా. హక్కులవాళ్ళతో కూర్చుని మాట్లాడుకుంటే కుదరని పని కాదు, కాకపోతే అడిగేవాళ్ళుండాలి. జపాన్‌లో కూర్చున్నవాళ్ళకి ఇక్కడ ఇంతమంది ఉన్నారని తెలియాలి.

మీకు లక్షల్లో సబ్‌స్క్రైబర్లున్నారు, నాకు ఒక షాపుంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈసారి ఏదైనా రీమేక్ రివ్యూ చేసేటప్పుడు పాతది ఆడనివాడికి ఇది ఎలా ఉంటుందో ఒక్క నాలుగు మాటలు చెప్పండి, పక్కన పాత ఆట తెలియని తమ్ముణ్ణో చెల్లెల్నో కూర్చోబెట్టి ఆడించి చూపిస్తే ఇంకా మంచిది. పాత వెర్షన్ ఇంకా అమ్ముతున్నారా లేదా చూసి అదీ చెప్పండి, తీసేస్తే నిలదీయండి, జీటీఏ విషయంలో నిలదీస్తే తిరిగొచ్చింది కదా. తర్వాత ముస్తఫా గురించి ఒక వీడియో చేయండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టి, క్యాప్‌కామ్ వాళ్ళకి ట్యాగ్ చేసి, దీన్ని మళ్ళీ తీసుకురండని సూటిగా అడగండి. ఆ మెషిన్ మీద ఆడి ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు రాయగడలో, పర్లాకిమిడిలో, బరంపురంలో ఎంతోమంది ఉన్నారు, తెలుగులోనూ మాట్లాడతారు ఒడియాలోనూ మాట్లాడతారు, కెమెరా ముందు కూర్చోబెట్టే పూచీ నాది. షాపు రాత్రి 9 దాకా తెరిచే ఉంటుంది, ఆదివారం మధ్యాహ్నం వరకే.

ఇట్లు,
రాయగడ స్టేషన్ వైపు జెరాక్స్ షాపు అన్న